లోడ్ కాని డ్రైవర్, రెండు వందల మీటర్ల పరుగు

2025 నవంబరులో ఒక శనివారం ఉదయం. రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత కాంప్లెక్స్ మొదటి అంతస్తులో ఉన్న నా ఆఫీసు షటర్ అప్పుడే ఎత్తాను. విండోస్‌కు బదులు లినక్స్ ఉన్న కంప్యూటర్లు వాడే క్లినిక్‌లకు, స్కూళ్లకు, చిన్న కంపెనీలకు సర్వీసు చేయడం నా వృత్తి. చాలా ఏళ్లుగా ఇదే పని. శనివారాలు మామూలుగా తీరిగ్గా ఉంటాయి. కింద టీ చెప్పి వచ్చి కూర్చుంటుండగా బాల్‌రాజ్ సార్ ఫోన్ చేశారు.

బాల్‌రాజ్ సార్ ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు బొల్లారంలో పిల్లలకు పరుగు నేర్పిస్తారు. దానితోపాటు పరుగు ముగిసిన క్షణాన్ని కచ్చితంగా కొలిచే టైమింగ్ కెమెరా ఒకటి ఆయన దగ్గర ఉంది. చుట్టుపక్కల ఎక్కడ అథ్లెటిక్స్ పోటీలు జరిగినా దాన్ని తీసుకెళ్లి ఆయనే నడుపుతారు.

"సుజాతమ్మా, జెర బొల్లారం గ్రౌండ్‌కు రావాలె. కెమెరా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటలేదు," అన్నారు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే నెమ్మది లేదు.

"ఏం చూపిస్తోంది సార్?"

"లోపలి విండోస్ షురూ అయితలేదమ్మా. డ్రైవర్ లేదంటున్నది. ఇంగ్లీషుల ఏందేందో ఇంత పొడుగు రాసింది."

"నిన్నటిదాకా బాగానే ఉందా? మధ్యలో ఏమైనా చేశారా?"

"నిన్న సాయంత్రం అప్‌గ్రేడ్ చేసిన. కొత్తది వచ్చింది వేసుకో అని రోజూ అడుగుతున్నది గదా. ఇయ్యాల మీట్ ఉన్నది, మెషిన్ ఫ్రెష్‌గ ఉండాలె అనుకున్న."

విషయం సగం అర్థమైంది. టీ వచ్చేదాకా ఆగకుండా లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని స్కూటీ తీశాను.

ఆ కెమెరా కథ కొంచెం చెప్పాలి. బాల్‌రాజ్ సార్ దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. దాన్ని తయారు చేసిన విదేశీ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప పనిచేయదు. అంత పాత విండోస్‌ను నేరుగా ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌లో వాడితే వైరస్‌ల బెడద. అందుకని కొన్నేళ్ల క్రితం నేను ఆయన లాప్‌టాప్‌లో లినక్స్ వేసి, దాని లోపల ఒక వర్చువల్ మెషీన్ పెట్టాను. వర్చువల్ మెషీన్ అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్. పాత విండోస్ ఆ లోపలి గదిలో భద్రంగా ఉంటుంది. బయటి లినక్స్ మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా ఉండొచ్చు. ఆ ఏర్పాటు అన్నేళ్లూ ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

గ్రౌండ్‌కు చేరేసరికి పోటీలు మొదలైపోయాయి. లాంగ్ జంప్, షాట్‌పుట్ జరుగుతున్నాయి. వాటికి కెమెరా అక్కర్లేదు. ముగింపు గీత పక్కన షామియానా కింద బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. స్టాండు మీద కెమెరా గీతకు సూటిగా నిలబడి ఉంది. బాల్‌రాజ్ సార్ కుర్చీలో కూర్చోలేక నిలబడలేక ఉన్నారు.

"చేతి గడియారాలతో కానిచ్చేయొచ్చు కదా సార్, ఈ ఒక్క పూటకి?" అని అడిగాను.

"తక్కినోళ్లకు ఫరక్ పడది. మౌనిక ఉన్నది చూడు," అని ట్రాక్ అవతల చెట్టు నీడలో కూర్చున్న అమ్మాయిని చూపించారు. సన్నగా, పొడుగ్గా, పచ్చ టీషర్ట్ వేసుకుని మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని ఉంది. "రెండు వందల మీటర్లు. జాతీయ జూనియర్ పోటీలకు ఎంట్రీ పంపనీకి ఇయ్యాలే ఆఖరి మీట్. చేతి గడియారం టైము ఆళ్లు తీసుకోరు. ఎలక్ట్రానిక్‌దే కావాలె. సంక్రాంతి వరకు ఈ పిల్ల జూనియర్ వయసు సుత దాటిపోతది."

మౌనిక వాళ్లది బొల్లారమే. తల్లి రెడీమేడ్ బట్టల యూనిట్‌లో కుట్టుపని చేస్తుంది. ఆ అమ్మాయి అంతకుముందు రెండు మీట్లలో క్వాలిఫయింగ్ మార్కు, అంటే అర్హతకు కావలసిన టైము, అందుకుంది. కానీ ఆ రెండు చోట్లా కెమెరా లేదు, స్టాప్‌వాచీలే. ఈ మీట్‌కు కెమెరా వస్తోందని తెలిసి దీని కోసమే ఆగిందట. ఊళ్లో మరో టైమింగ్ కెమెరా ఉంది గానీ, అది ఆ రోజు వరంగల్‌లో ఉంది.

నిజం చెప్పాలంటే అది విన్నాక నాకు భయం కంటే ఉత్సాహమే ఎక్కువ కలిగింది. పనిచేయని యంత్రం, పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్న మనిషి, మధ్యలో నేను. నా పనిలో ఇంత స్పష్టంగా ఫలితం కంటికి కనిపించే సందర్భాలు తక్కువ. ఎప్పుడూ ఎవరి బిల్లింగో, ఎవరి ఈమెయిలో.

సమస్య ఇది. ప్రతి లినక్స్‌కూ ఒక కెర్నల్ ఉంటుంది. అంటే ప్రాసెసర్‌తో, మెమరీతో నేరుగా మాట్లాడే కేంద్ర భాగం. వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే దాని డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఈ కెర్నల్‌లో చేరాలి. ఆ డ్రైవర్ ఏ కెర్నల్‌కు తయారైతే ఆ కెర్నల్‌కే పనికొస్తుంది. అప్‌గ్రేడ్‌లో కెర్నల్ మారింది. డ్రైవర్ పాతదానికి తయారైనది.

బాల్‌రాజ్ సార్‌కు ఇదే చెప్పాను.

"అంటే పాత స్పైక్స్ బూట్లు ఏసుకొని వస్తే కొత్త ట్రాక్ మీద ఉరకనిస్తలేరన్నట్టు," అన్నారాయన.

"అంతే సార్. ముందు పాత ట్రాక్ ఉందేమో చూస్తాను."

చాలాసార్లు అప్‌గ్రేడ్ అయ్యాక కూడా పాత కెర్నల్ డిస్క్‌లో మిగిలే ఉంటుంది. రీస్టార్ట్ చేసి దాన్ని ఎంచుకుంటే సమస్య అక్కడితో తీరిపోతుంది. రీస్టార్ట్ చేశాను. జాబితాలో కొత్తది ఒక్కటే కనిపించింది.

"పాతవన్నీ తీసెయ్యాల్నా అని అడిగింది. సాఫ్‌గ ఉంటదని అవునని కొట్టిన," అన్నారు బాల్‌రాజ్ సార్.

పోనీ వర్చువల్ మెషీన్ మొత్తాన్ని నా లాప్‌టాప్‌లోకి ఎక్కిద్దామా అంటే, ఆ ఫైలు చాలా పెద్దది, నా డిస్క్‌లో అంత ఖాళీ లేదు. ఇక దారి ఒక్కటే. కొత్త కెర్నల్‌కు సరిపడే డ్రైవర్‌ను అక్కడే, ఆ గ్రౌండ్‌లోనే తయారు చేయాలి. దానికి కొన్ని ఫైళ్లు ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. షామియానా కింద ఫోన్ సిగ్నల్ ఒక గీత కూడా రావడం లేదు. గ్యాలరీ పైమెట్టు మీద బాగా వస్తుందని ఎవరో చెప్పారు. సార్ లాప్‌టాప్ ఎత్తుకుని పైకి ఎక్కాను. వెనకాలే బాల్‌రాజ్ సార్ చార్జర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకుని వచ్చారు. ప్లగ్గు అందక ఆ బోర్డును అక్కడే వదిలేసి, బ్యాటరీ మీదే పని మొదలుపెట్టాను.

డ్రైవర్ తయారుచేయమని ఆదేశం ఇచ్చాను. మొదట, కెర్నల్‌కు సంబంధించిన ఫైళ్లు లేవంది. వాటిని దించాను. మళ్లీ ఇచ్చాను. ఈసారి పని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు వరుసగా పడ్డాయి. అవి చదవడం నాకు ఇష్టం. చాలామంది ఆఖరి వరుస చూసి ఊరుకుంటారు. అసలు సంగతి ఎప్పుడూ మొదట పడ్డ తప్పులో ఉంటుంది. పైకి జరిపి చూశాను. కొత్త కెర్నల్‌లో ఒక పని చేయమని అడిగే పద్ధతి మారింది. ఈ వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ పాతది కాబట్టి దానికి ఆ మార్పు తెలియదు. తప్పు దొరికినందుకు నాకెంత సంతోషం వేసిందంటే, "దొరికింది సార్," అని గట్టిగానే అన్నాను. కింద లాంగ్ జంప్ గుంట దగ్గర వాళ్లు తలెత్తి చూశారు.

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ దించడం మొదలుపెట్టాను. మొబైల్ సిగ్నల్ మీద అది నత్తలా కదులుతోంది. అప్పుడు మీట్ రెఫరీ ఫ్రాన్సిస్ సార్ పైకి వచ్చారు. తెల్ల టోపీ, మెడలో విజిల్. నియమాల విషయంలో ఆయన ఎవరి మాటా వినరని బాల్‌రాజ్ సార్ ముందే చెప్పారు.

"మేడం, లుక్, మహిళల రెండు వందల ఫైనల్‌ని లాస్ట్ ఈవెంట్‌కి మార్చాను. అంతకన్నా నేను చెయ్యలేను. మధ్యాహ్నం గ్రౌండ్ వేరేవాళ్లకి ఇచ్చెయ్యాలి," అన్నారు.

"అది చాలు సార్. థాంక్స్."

"కెమెరా వస్తే సరిపోదు. జీరో టెస్ట్ కూడా అవ్వాలి. అది లేకుండా నేను సంతకం పెట్టను."

జీరో టెస్ట్ అంటే, పరుగుకు ముందు స్టార్టింగ్ గన్‌ను కెమెరా ముందే పేల్చి, గన్ నుంచి వచ్చే మంట కెమెరాలో సున్నా దగ్గరే పడిందని నిర్ధారించుకోవడం. గడియారం, కెమెరా ఒకే క్షణంలో మొదలవుతున్నాయని అదొక్కటే రుజువు. ఆయన కాదన్నదేమీ లేదు, సరిగ్గా చేయమంటున్నారు అంతే. నాకు ఆ మనిషి నచ్చారు.

డౌన్‌లోడ్ పూర్తయింది. కొత్త వెర్షన్ ఎక్కించాను. డ్రైవర్ ఒక్క తప్పూ లేకుండా తయారైంది. దాన్ని కెర్నల్‌లో చేర్చమన్నాను. కెర్నల్ నిరాకరించింది. దాని మీద ఉన్న సంతకం నేను గుర్తించను, అని దాని సమాధానం.

లాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ అనే కాపలా ఉంటుంది. తనకు తెలిసినవాళ్లు సంతకం చేసిన డ్రైవర్లనే లోపలికి రానిస్తుంది. ఇన్నాళ్లూ పాత డ్రైవర్ కోసం నేను చేసిన సంతకం ఉండేది. అప్‌గ్రేడ్‌లో ఆ సంతకం చేసే తాళమే, అంటే డిజిటల్ ముద్ర లాంటి ఫైలే, పోయింది. కాపలాను పూర్తిగా ఆపేయడం సులువే గానీ, ఆ సెట్టింగులకు పాస్‌వర్డ్ ఉంది. లాప్‌టాప్ కూడా సెకండ్‌హ్యాండ్‌దే. ఆ పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు ఎవరో బాల్‌రాజ్ సార్‌కు తెలియదు.

కొత్త తాళం తయారు చేసి, డ్రైవర్ మీద దానితో సంతకం చేసి, "ఇది నా తాళమే, గుర్తించు" అని కాపలాకు అర్జీ పెట్టాను. ఈ అర్జీకి ఒక తిరకాసు ఉంది. రీస్టార్ట్ చేసినప్పుడు నీలం తెర ఒకటి వస్తుంది. కొన్ని క్షణాల్లో ఏదో ఒక మీట నొక్కి, అర్జీతోపాటు నేను పెట్టిన పాస్‌వర్డ్ ఇవ్వాలి. లేదంటే అర్జీ చెల్లదు. మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

రీస్టార్ట్ చేశాను. ఎండ నేరుగా తెర మీద పడుతోంది. ఏమీ కనిపించలేదు. నీలం తెర వచ్చిందా, ఇంకా రాలేదా అని నేను చేయి అడ్డం పెట్టి చూసేలోపు అది వచ్చి వెళ్లిపోయింది. లినక్స్ మామూలుగా తెరుచుకుంది. డ్రైవర్ మళ్లీ బయటే.

"ఏమైందమ్మా?"

"ఎండకి తెర కనబడలేదు సార్. ఇంకోసారి పెడతాను. ఏమైనా నల్లటిది కావాలి, నెత్తిన కప్పుకోవడానికి."

బాల్‌రాజ్ సార్ అటూ ఇటూ చూసి, తన నల్ల రెయిన్‌కోటు తెచ్చిచ్చారు. ఆ రెయిన్‌కోటు కింద, లాప్‌టాప్‌తో సహా నేను. చెమటలు కారిపోతున్నాయి. నీలం తెర వచ్చింది. మీట నొక్కాను. పాస్‌వర్డ్ కొట్టాను. రీస్టార్ట్. డ్రైవర్‌ను చేర్చమన్నాను. కెర్నల్ ఏ సమాధానమూ చెప్పలేదు. మా పనిలో అంతకన్నా మంచి సమాధానం ఉండదు. అంటే చేర్చుకుంది.

రెయిన్‌కోటు తీసేసరికి ఎదురుగా మౌనిక నిలబడి ఉంది.

"మేడం, నడుస్తదా?"

దగ్గరి నుంచి చూస్తే ఆ అమ్మాయి ముఖంలో ఆందోళన కంటే చిరాకు ఎక్కువగా ఉంది. పొద్దున్నుంచీ కూర్చోబెట్టారు మరి.

"ఎందుకంటే మేడం, నేను వార్మప్ షురూ చెయ్యాల్నా వద్దా తెల్వాలె. నాకు ముప్పావుగంట పడ్తది. ఒకసారి ఒళ్లు వేడెక్కినంక మళ్లా కూసుంటే కాళ్లు పట్టేస్తయి. రెండోసారి చేసే తాకత్ ఉండది. ఎప్పుడు అయితదో జెర పక్కాగ చెప్పండ్రి."

ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట. కంప్యూటర్ బాగుచేసేవాళ్లను ఎవరైనా ఎంతసేపు అని అడిగితే అందరం "ఐదు నిమిషాలు" అంటాం. అవతలివాళ్లకు కాస్త ధైర్యంగా ఉంటుంది, మాకు పని చేసుకునే వీలు దొరుకుతుంది. ఐదు నిమిషాలు గంటైనా ఎవరికీ ప్రమాదం లేదు. ఆ మాటే నాలుక చివర దాకా వచ్చింది. కానీ ఈ అమ్మాయి నా మాట మీద తన కాళ్లలో ఉన్న సత్తువ ఖర్చుపెట్టబోతోంది. అది ఒక్కసారికే ఉంది.

పక్కన కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే వింది.

"చెప్తాను విను. పొద్దుట నుంచి సతాయిస్తున్న డ్రైవర్ ఇప్పుడే ఎక్కింది. అది పక్కా. లోపల విండోస్ తెరుచుకోవాలి, అది ఇంకా చూడలేదు. తెరుచుకుంటుందనే అనుకుంటున్నాను. ఆ తర్వాత కెమెరా దానికి కనబడాలి. ఆ సంగతి నాకు తెలీదు. అర్ధగంటలో అయిపోతుందని నా మనసు చెప్తోంది. కాకపోవచ్చు కూడా. అంతకుమించి చెప్తే అబద్ధమవుతుంది."

మౌనిక కింద ట్రాక్ వైపు చూసింది. పురుషుల పదిహేను వందల మీటర్లకు పేర్లు పిలుస్తున్నారు.

"కెమెరా సంగతి మీకే తెల్వదా?"

"తెలీదమ్మా."

"సరే," అంది. "అయితే షురూ చేస్తున్న."

మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను లాప్‌టాప్ తీసుకుని షామియానాలోకి పరుగెత్తాను. నేను పరుగెత్తి ఎన్నేళ్లయిందో.

వర్చువల్ మెషీన్‌ను మొదలుపెట్టాను. వెంటనే కొత్త తప్పు చూపించింది. నాకు నవ్వొచ్చింది. ప్రాసెసర్‌లో వర్చువల్ మెషీన్ల కోసం ప్రత్యేకంగా ఉండే సౌకర్యాన్ని ఇంకెవరో పట్టుకుని కూర్చున్నారని దాని ఫిర్యాదు. ఎవరా అంటే కెర్నలే. లినక్స్ కెర్నల్‌కు సొంత వర్చువల్ మెషీన్ ఏర్పాటు ఒకటి ఉంది. పాత కెర్నళ్లలో దాన్ని ఎవరైనా వాడితేనే ఆ సౌకర్యాన్ని తీసుకునేది. కొత్త కెర్నల్ మాత్రం కంప్యూటర్ లేవగానే ముందుగా ఆక్రమించుకుంటోంది, రైల్లో రుమాలు వేసినట్టు. మనకు దాని అవసరం లేదు. ఒక్క వరుస ఆదేశంతో దాన్ని దింపేశాను. మళ్లీ రీస్టార్ట్ అయినప్పుడు ఎక్కి కూర్చోకుండా ఇంకో వరుస రాశాను.

విండోస్ తెరుచుకుంది. తెర మీద ఆ పాత నీలం ఆకాశం, పచ్చిక మైదానం. బాల్‌రాజ్ సార్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి, తల వంచి, "అబ్బ," అన్నారు. టైమింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచారు. తెర మధ్యలో కెమెరా బొమ్మ రావాల్సిన చోట బూడిదరంగు గడి. కెమెరా దొరకలేదు అని రాసి ఉంది.

తలెత్తి చూశాను. ట్రాక్ అవతల మౌనిక నెమ్మదిగా చుట్లు తిరగడం ఆపి, చిన్న చిన్న పరుగులు మొదలుపెట్టింది. కాళ్లు తేలిగ్గా లేస్తున్నాయి.

"కేబుల్ చూడండి సార్."

"మంచిగనే ఉన్నది. లైటు ఎలుగుతున్నది."

కెమెరా దగ్గర లైటు వెలుగుతోందంటే కరెంటు ఉంది, కేబుల్ బాగుంది. బయటి లినక్స్‌లోంచి కెమెరాను పలకరించి చూశాను. పలికింది. అంటే కెమెరా నుంచి లాప్‌టాప్ దాకా దారి ఉంది. లాప్‌టాప్ నుంచి లోపలి విండోస్‌కు వెళ్లే దారిలోనే ఎక్కడో తెగింది. కళ్లు మూసుకుని, ఆ వర్చువల్ మెషీన్‌ను నేను కట్టిన రోజు ఏమేం చేశానో ఒక్కొక్కటే తలుచుకున్నాను. కెమెరా కేబుల్ పెట్టే పోర్టుకు లినక్స్ ఒక పేరు పెడుతుంది. ఆ పేరుగల పోర్టును వాడుకో అని లోపలి విండోస్‌కు చెప్పి ఉంచాను. ఇప్పుడు ఆ పోర్టు పేరేంటో చూశాను. అప్‌గ్రేడ్‌లో మారిపోయింది. లోపలి విండోస్ అసలు లేని పేరును పట్టుకుని వేలాడుతోంది.

సెట్టింగ్స్‌లో కొత్త పేరు ఎంచుకున్నాను. సేవ్ చేశాను. ఆ బూడిదరంగు గడిలో ఒక్కసారిగా సన్నటి తెల్లగీత కదిలింది. ముగింపు గీత. గాలికి ఎగిరిన కాగితం ఒకటి గీత దాటింది, అది తెర మీద మరకలా సాగింది.

"సార్ను పిలువు, ఫ్రాన్సిస్ సార్ను పిలువు," అని బాల్‌రాజ్ సార్ ఎవరితో అన్నారో ఆయనకే తెలియదు. పిలవకుండానే ఆయన వచ్చారు. గన్ తెప్పించి కెమెరా ముందు నిలబెట్టించారు. పేల్చారు. నా చెవులు గింగురుమన్నాయి. బాల్‌రాజ్ సార్ తెర మీద నిలువు గీతను మంట మీదికి జరిపారు. సున్నా. మళ్లీ పేల్చమన్నారు ఫ్రాన్సిస్ సార్. మళ్లీ సున్నా.

"గుడ్," అన్నారు. జేబులోంచి పెన్ను తీశారు.

మహిళల రెండు వందల మీటర్ల ఫైనల్‌కు పిలుపు వచ్చింది. మౌనికకు ఐదో లేన్. ట్రాక్ సూటు విప్పుతూ షామియానా వైపు చూసింది. బొటనవేలు పైకెత్తి చూపించాను. తల ఊపలేదు, నవ్వలేదు. మెల్లగా వంగి స్టార్టింగ్ బ్లాక్‌లలో పాదాలు పెట్టింది.

గన్ పేలింది.

వంపులో అందరూ కలిసే ఉన్నట్టనిపించింది. వంపు తిరిగి తిన్నని దారిలోకి వచ్చేసరికి పచ్చ టీషర్ట్ ఒక అడుగు ముందుంది. ఆఖర్లో నాలుగో లేన్ అమ్మాయి బాగా దగ్గరికొచ్చింది. నేను అరుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. గీత దాటేటప్పుడు మౌనిక ఛాతీ ముందుకు వంచింది. రెండడుగులు తూలి నిలదొక్కుకుంది.

స్టాప్‌వాచీలు పట్టుకున్నవాళ్లు అప్పుడే చేతులు ఊపుతున్నారు. మార్కు అనాయాసంగా దాటిందంటున్నారు. అయినా షామియానాలో ఎవరూ సంబరపడలేదు. చేతి గడియారాలు ఎప్పుడూ కాస్త ఉదారంగా ఉంటాయి. గన్ శబ్దం విని వేలు కదిలేసరికే కొంత కాలం జారిపోతుంది. కెమెరా ఆ ఉదారత చూపదు.

తెర మీద బొమ్మ పరుచుకుంది. అది ఫొటో కాదు. గీత మీదుగా కాలం ఎలా గడిచిందో దాని బొమ్మ. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరు గీతను తాకిన క్షణాలు వరుసగా ఉంటాయి. బాల్‌రాజ్ సార్ మౌస్ పట్టుకున్నారు. చేయి తీసేసి, ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ పట్టుకున్నారు. నిలువు గీతను ఐదో లేన్ అమ్మాయి ఛాతీ అంచు దాకా జరిపారు. ఫ్రాన్సిస్ సార్ వంగి చూసి, "కొంచెం లెఫ్ట్," అన్నారు. జరిపారు. "స్టాప్."

కింద అంకెలు నిలిచాయి. మార్కు కన్నా సెకనులో నూరింట మూడు వంతులు తక్కువ.

ఫ్రాన్సిస్ సార్ రెండోసారి చదివి, పైకి చదివి, అప్పుడు సంతకం పెట్టారు. "క్వాలిఫైడ్," అన్నారు మామూలుగా. బాల్‌రాజ్ సార్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నారు. నేను బయటికి పరుగెత్తి, ఊపిరి తీసుకుంటూ గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉన్న మౌనికకు చెప్పాను. ఆ అమ్మాయి లేవలేదు. ఆకాశం వైపు చూస్తూనే నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత మంచినీళ్లు అడిగింది.

సామాను సర్దుతుండగా స్పైక్స్ చేత్తో పట్టుకుని షామియానాలోకి వచ్చింది. బొమ్మ చూపించమంది. గీత మీద మోపిన పాదం ఎక్కువసేపు అక్కడే ఉంటుంది కాబట్టి ఈ బొమ్మల్లో అది చాపలా సాగి కనిపిస్తుంది.

"నా కాలు గింత పొడుగున్నదా?" అని పకపకా నవ్వింది. అమ్మకు పంపిస్తానని ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

"భయమెయ్యలేదా, నేను తెలీదన్నప్పుడు?" అని అడిగాను.

"లేదు మేడం. పొద్దుగాల నుంచి అందరూ అయిపోతది అయిపోతది అంటున్నరు. ఎవ్వలి ముఖం చూసినా పరేషానే. మీరు ఏది తెల్సో ఏది తెల్వదో చెప్పిన్రు. గప్పుడు నాకు లెక్క దొరికింది. కెమెరా రాకుంటే రాకపాయె, నేను ఉరికేదైతే మంచిగ ఉరకాలె అనుకున్న."

ఈ కేసు నుంచి నా దగ్గరికొచ్చేవాళ్లకు చెప్పే సాంకేతిక జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ముఖ్యమైన పని ముందు రోజు అప్‌గ్రేడ్ జోలికి వెళ్లొద్దు. పాత కెర్నల్‌ను వెంటనే తీసేయొద్దు. ఎర్ర అక్షరాల్లో మొదటి తప్పు చదవండి. ఇవన్నీ నాకు ముందే తెలుసు. ఆ రోజు కొత్తగా తెలిసింది వేరే. బాగుచేయడం నా పనిలో సగమే. ఎక్కడిదాకా వచ్చాను, ఏది మిగిలింది, ఏది నాకు తెలియదు అన్నది అవతలి మనిషికి దాచకుండా చెప్పడం మిగతా సగం. ఎందుకంటే నేను స్క్రీన్ ముందు కూర్చున్నంతసేపూ వాళ్లు కూడా తమ వైపు ఏదో ఒక నిర్ణయం తీసుకోవాల్సి ఉంటుంది. రోగులను ఇంటికి పంపాలా ఉంచాలా, పరీక్ష వాయిదా వేయాలా వద్దా, పరుగుకు ఒళ్లు వేడెక్కించుకోవాలా మానాలా. అది నా నిర్ణయం కాదు. వాళ్లది. దానికి కావలసిన నిజం మాత్రం నా దగ్గర ఉంటుంది.

తర్వాతి సోమవారం ఒక డెంటల్ క్లినిక్ రిసెప్షనిస్ట్ ఫోన్ చేసింది. ఎక్స్‌రే కంప్యూటర్ లేవడం లేదట. ఎంతసేపు పడుతుంది మేడం, అని అడిగింది. చూడకుండా చెప్పలేనన్నాను. చూసిన పది నిమిషాలకు తెలిసింది, తెలియనిది రెండూ చెప్తానన్నాను. అవతల ఆ అమ్మాయి, "అయితే పదకొండు గంటల పేషెంట్‌కి ఇప్పుడే ఫోన్ చేసి ఆగమని చెప్పేస్తాను మేడం, మల్కాజ్‌గిరి నుంచి బయల్దేరకముందే," అంది. అప్పటికి నేను ఇంకా స్కూటీ కూడా స్టార్ట్ చేయలేదు.